శిక్ష పడనివాళ్ళు, నిర్దోషులు

2017లో పిల్లలు స్కూలుకి వెళ్ళాక వారానికి రెండు పూటలు మా ఊళ్ళోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకి వెళ్ళేదాన్ని. జైల్లో ఉన్న తల్లుల పిల్లలకి బట్టలు, పుస్తకాలు సర్దే పని. నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్ అని తెలిసి, ఆ అక్టోబరులో ఒక రిపోర్టు చేతికిచ్చారు. "దీని గురించి పేపర్లవాళ్ళకి ఒక్క పేజీ రాసిపెట్టమ్మా" అన్నారు.

ప్రిజన్ పాలసీ ఇనిషియేటివ్, ఏసీఎల్‌యూ కలిసి తెచ్చిన రిపోర్టు అది. అమెరికాలో నిర్బంధంలో ఉన్న 2,19,000 మంది ఆడవాళ్ళు ఎక్కడ, ఎందుకు ఉన్నారో ఒకే గుండ్రటి బొమ్మలో చూపించారు.

మనకి అన్నీ జైలే కదా! ఇక్కడ అలా కాదు. జైలు సాధారణంగా కౌంటీది. విచారణ కోసం ఎదురుచూసేవాళ్ళు, చిన్న శిక్షలవాళ్ళు అందులో ఉంటారు. ప్రిజన్ రాష్ట్రానిదో, ఫెడరల్ ప్రభుత్వానిదో. ఈ తేడా వదిలేస్తే లెక్కే మారిపోతుంది. కౌంటీ జైళ్ళలోని ఆడవాళ్ళలో 60 శాతానికి ఇంకా శిక్ష పడలేదు. నిర్బంధంలో ఉన్న ఆడవాళ్ళందరినీ కలిపి చూస్తే విచారణ జరగనివాళ్ళు నాలుగో వంతు పైచిలుకు. రెండూ నిజమే, హారాలు వేరు.

లోపల ఉండిపోవడానికి పెద్ద కారణం బెయిలు డబ్బు. కట్టలేకపోయిన ఆడవాళ్ళ ఏడాది ఆదాయం మధ్యస్థం 11,071 డాలర్లు. మామూలుగా అడిగే బెయిలు 10,000. జైళ్ళలోని ఆడవాళ్ళలో 80 శాతం తల్లులు.

పేజీ రాసి పంపితే ఎవరూ పలకలేదు. ఫోన్లు చేశాను. చివరికి ఒక స్థానిక పత్రిక ఎడిటరు "మన కౌంటీ సంగతేమిటి?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. షెరీఫ్ ఆఫీసు రోజూ పెట్టే జాబితా ముందేసుకుని వారం పాటు చేత్తో లెక్కపెట్టాను. తర్వాత విలేఖరి ఒక తల్లితో మాట్లాడాలంది. ఒకామె ఒప్పుకుంది. కానీ కేసు నడుస్తుండగా ఏం మాట్లాడినా కోర్టులో తనకే ఎదురు తిరగొచ్చని లాయరు వద్దన్నాడు. కథనం పోతుందేమోనని భయపడ్డాం కానీ ఆమెని బలవంతపెట్టలేదు. పిల్లల్ని చూసుకుంటున్న అమ్మమ్మ పేరు లేకుండా మాట్లాడింది.

అచ్చయిన రోజు శీర్షిక చూసి గుండె జారింది. "జైళ్ళలోని ఆడవాళ్ళలో 60 శాతం నిర్దోషులు" అని! శిక్ష పడకపోవడం వేరు, నిర్దోషి అని తేలడం వేరు. విచారణ జరిగేదాకా చట్టం నిర్దోషిగానే చూస్తుంది, నిజమే. కానీ రిపోర్టు చెప్పింది అది కాదు. సంస్థలో కొందరు "మనకి మంచిదేగా, ఊరుకో" అన్నారు. మా వదినైతే "పేపర్లో వచ్చింది, ఇంకేం కావాలే నీకు?" అంది. నాకు మనసొప్పలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని షెరీఫ్ మనుషులు రిపోర్టంతా అబద్ధమంటే? ఆ మధ్యాహ్నమే ఎడిటరుకి ఫోన్ చేశాను. కాస్త విసుక్కున్నాడు.

మూడో రోజు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేశాడు. ఆ తర్వాత నుంచి అంకెలున్న కథనాలు అచ్చుకి ముందు నాకు పంపడం మొదలుపెట్టాడు.