నెలజీతం లేని కొలువు
— తృతీయ బి.యస్సి. విద్యార్థి, కె.గంగవరం

డిగ్రీ చివరి సంవత్సరంలోకి వచ్చిన ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "తరవాతేంటి?" ఉద్యోగ ప్రకటనలు చూస్తే పదులు, దరఖాస్తులు చూస్తే లక్షలు! ఇటువంటి తరుణంలో మన తోటివారి నోట తరచుగా వినబడుతున్న మాట 'ఫ్రీలాన్సింగ్'. ఒక యజమాని వద్ద నెలజీతానికి కుదరకుండా, ఏ పనికాపని బేరం కుదుర్చుకొని, చేసిచ్చి, సొమ్ము పుచ్చుకోవడమే ఇది. అనువాదం కావచ్చు, డి.టి.పి. కావచ్చు, బొమ్మలు, వీడియోల కూర్పు, లెక్కల పట్టికలు, వెబ్‌సైట్లు ఏవైనా కావచ్చు.

ఈ మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. వాల్టర్ స్కాట్ 1819లో వెలువరించిన 'ఐవాన్‌హో' నవలలో, ఏ ప్రభువుకూ కట్టుబడక సొమ్మిచ్చినవాడి పక్షాన పోరాడే బల్లెపు యోధుల ప్రస్తావనగా ఇది కనిపిస్తుంది. బల్లెం వాడిదే, గుర్రం వాడిదే, దెబ్బ తగిలితే ఆ దెబ్బా వాడిదే!

అయితే ఇది మన ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదని నా వాదన. కొబ్బరి దింపు తీసే మనిషిని చూడండి. కత్తి తనది, మోకు తనది, కూలి చెట్టు లెక్కన. వాన పడితే ఆ రోజు పని లేదు, పని లేకపోతే డబ్బూ లేదు. అయినా చేయి తిరిగినవాడికి కబురు మీద కబురు వస్తూనే ఉంటుంది. లేత గెల జోలికి పోకుండా ముదురు గెలే కోస్తాడనీ, చెప్పిన రోజుకి వస్తాడనీ రైతులు ఒకరికొకరు చెప్పుకోవడమే అతడి ప్రచారం. కంప్యూటరు ముందు కూర్చున్నవాడికీ ఇంతకు మించిన రహస్యం లేదు.

ఇక కవులలో చూడదలిస్తే, మా ఊరికి దగ్గరలోనే ఉన్న ద్రాక్షారామ క్షేత్రం మీద భీమఖండం రాసిన శ్రీనాథుడు ఉన్నాడు. కొండవీటిలో విద్యాధికారి కొలువున్నంతకాలం దర్జాగా గడిచింది. ఆ రాజ్యం పోయాక ఆస్థానాల చుట్టూ తిరగవలసి వచ్చింది. చివరి రోజుల్లో బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకుంటే కృష్ణమ్మ పైరును ముంచేసిందనీ, పన్ను కట్టలేక అవమానాల పాలయ్యాడనీ చాటువుల ద్వారా వస్తున్న కథ. అంతటి విద్వాంసుడికి పాండిత్యం చాలక కాదు సుమా! చేతికి వచ్చిన రోజుల్లో దాచుకోకపోవడం వల్లనే అని మా ఇంట్లో పెద్దలంటారు. చరిత్రకారులు ఏమంటారో గాని రైతులు మాత్రం ఆ మాటే అంటారు.

ప్రారంభించేవాడు సాధారణంగా "నాకు ఏం వచ్చు?" అని ఆలోచిస్తాడు. అది అవసరమే. కాని ఎక్కువమంది బోర్లాపడేది అక్కడ కాదు, రేటు దగ్గర. పని దొరికితే చాలునని ఎంతకైనా ఒప్పేసుకుంటారు. ఇందుకు మన కోనసీమలోనే పెద్ద పాఠం ఉంది. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి ఊడ్పులు మానేశారు. ఆ సంవత్సరం సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కూలీలు, ఎరువులు, మురుగు కాలువలు పొంగితే వచ్చే నష్టం కలిపితే ఖర్చు కూడా రావడంలేదని వారి గోడు. దాని మీద ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేయవలసి వచ్చింది. గిట్టని ధరకు పండించడం కంటే భూమిని ఖాళీగా ఉంచడమే మేలని తరతరాల రైతే అనగలిగినప్పుడు, నిన్నగాక మొన్న కీబోర్డు పట్టిన మనం "ఈ రేటుకి కుదరదండీ" అనడానికి ఎందుకు జంకాలి?

కాబట్టి లెక్క వేసుకుందాం. నెలకి 10,000 రూపాయలు కావాలనుకోండి. 30 రోజులతో భాగించి రోజుకి 333 చాలుననుకుంటాం. కాని అందులో తరగతులు పోవాలి, పని వెతుక్కునే రోజులు పోవాలి, ఇచ్చిన పనికి దిద్దుబాట్లు చేసే రోజులు పోవాలి. డబ్బు వచ్చే రోజులు పది మిగిలితే గొప్ప. అంటే రోజుకి 1,000 రావాలి. మధ్యవర్తి వేదిక నూటికి ఇరవై తీసుకుంటే 1,250 అడిగితేగాని వెయ్యి చేతికి రాదు. రోజుకి అయిదు పేజీలు చేయగలిగితే పేజీ 250. కరెంటు, ఇంటర్నెట్టు, కంప్యూటరు అరుగుదల ఇంకా కలపలేదు. ఇవన్నీ ఉదాహరణకు చెప్పిన అంకెలే. ఎవరి అంకెలు వారు వేసుకొని, అంతకు తగ్గితే ఊరుకోవడం నేర్చుకోవాలి.

మధ్యవర్తి వేదికలంటే ఇజ్రాయెల్ నుంచి 2010లో మొదలైన ఫైవర్ (ఇరవై శాతం తీసుకునేది ఇదే), ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు సంస్థలు కలిసి 2015లో ఆ పేరు పెట్టుకున్న అప్‌వర్క్ వంటివి. ప్రపంచమంతా అక్కడ బేరానికి కూర్చుంటుంది గనుక కొత్తవాడి పాట ఎవరికీ వినపడదు. నన్నడిగితే మొదటి ఖాతాదారు మనకు తెలిసిన నాలుగు మైళ్ళలోనే ఉంటాడు. రామచంద్రపురంలో ప్రెస్సువారు, ట్యుటోరియల్ నడిపే మాస్టారు, రొయ్యల చెరువు లెక్కలు ఇంకా చీటీల మీద రాసుకునే ఆసామి, వీరికి చేసిన రెండు మూడు పనులే నమూనాలుగా చూపించుకోవచ్చు. ఉత్త టైపింగు, ఉత్త అనువాదం ఇప్పుడు యంత్రమే క్షణంలో చేసి పెడుతోంది. అది చేసినదాంట్లో తప్పు పట్టి, "దీనికి పూచీ నాది" అనగలిగిన మనిషికే ఇక గిరాకీ. సైన్సు చదివినవారికి ఇక్కడ కాస్త మేలుంది. 'మోల్' అన్నది పుట్టుమచ్చా, చుంచెలుకా, పదార్థ పరిమాణమా అన్నది మనకి ఇట్టే తెలుస్తుంది.

జాగ్రత్త పడవలసిన మోసం ఒకటుంది. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేయమంటారు, ముందు డిపాజిట్ కట్టమంటారు. చేసి పంపాక తప్పులు ఎక్కువున్నాయని పైసా ఇవ్వకపోగా, ఒప్పందం ఉల్లంఘించావని లాయరు నోటీసంటూ బెదిరిస్తారు. పని ఇచ్చేవాడు డబ్బు ఇవ్వాలిగాని అడగకూడదు. (అప్‌వర్క్‌లో పనికి దరఖాస్తు పెట్టడానికి చిన్న టోకెన్లు కొనాలి, అది వేరు.) తెలిసినవారైనా సరే, పెద్ద పనికి సగం బయానా ముందే పుచ్చుకోవాలి. ఏం చేయాలి, ఎప్పటికి చేయాలి, ఎన్నిసార్లు దిద్దాలి అన్నది వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. మాట మీద కౌలు చేసి నలిగిపోయినవారిని మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం కదా.

పన్నుల సంగతికి అంత భయపడనక్కరలేదు. సాలీనా రాబడి 20 లక్షలు దాటేవరకు సేవలకు జి.ఎస్.టి. నమోదు సాధారణంగా అక్కరలేదు. పాన్ కార్డు మాత్రం తప్పనిసరి. కంపెనీలు ఫీజులో కొంత పన్నుగా మినహాయించినా, మన ఆదాయం పరిమితి లోపు ఉంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంటర్నెట్టు సంగతి మరువరాదు. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తరవాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ నిలిపివేశారు. ఇళ్ళనుంచి పనిచేసేవారు లాప్‌టాప్‌లు పట్టుకొని సిగ్నల్ ఉన్న ఊళ్ళకి ప్రయాణం కట్టారు. గడువు ఇచ్చే ముందు అటువంటి రోజొకటి మనసులో ఉంచుకోవాలి. అలాగే మూడు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి. ఎంత ఇబ్బంది వచ్చినా రైతు విత్తనాల బస్తా విప్పడు, దీన్నీ అలాగే చూడాలి.

నా మటుకు నేను సైన్సు పాఠాల తెలుగు అనువాదాలు సరిచూసే పని పట్టుకున్నాను. ప్రస్తుతం ముగ్గురు ఖాతాదారులు. "నెలకి ఇంతని చెప్పలేని పనికి పిల్లనెవరిస్తార్రా?" అని మా మామ్మ బెంగ. డిగ్రీ చేతికొచ్చాక ఒక్క ఏడాది గడువడిగాను. ఏ మూడు నెలల సరాసరి చూసినా నెలకి పదివేలు తగ్గకపోతే కొనసాగిస్తాను, తగ్గితే బి.ఇడి.కి దరఖాస్తు పెడతాను. నాన్నగారు సరేనన్నారు. అమ్మ ఇంకా ఏ మాటా చెప్పలేదు.