పాత తుపాకి చెప్పు సాక్ష్యము

హిందూపురపు అంగడిలో చింతపండు కొనువాడు మూట పైపొర చూచి వెల కట్టడు. చేయి లోనికి చొనిపి అడుగుపండు తీసి చూచును. ధర్మవరములో పాత పట్టుచీర కొను వర్తకుడు జరీపోగును గోటితో గీకి, లోపలి యెఱ్ఱని పట్టుదారము కనబడినగాని బేరమునకు దిగడు. ఈ రెండూళ్ళ నడుమ, అదే రైలుదారిలో పెనుకొండ యున్నది. ఆ కోట పేరు చెప్పి యెవరైన పాత తుపాకి అమ్మజూపినచో మాత్రము మనవారి మెలకువ మాయమగును. కథ వినుచుండగనే చేయి సంచిలోనికి పోవును.

పెనుకొండ పేరునకు ఆ మహిమ యుండుట వింత గాదు. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికి మార్చెను. అంతకు ముందే, 1520 నాటి రాయచూరు ముట్టడిలో, కృష్ణదేవరాయల పక్షమున పోర్చుగీసు తుపాకిదారులు పోరాడినట్లు నూనిజు వ్రాసినాడు. తరువాత హైదరు, టిప్పు వచ్చిరి. 1800లో దత్తమండలము కుంఫిణీ చేతికి వచ్చునప్పటికి మన్రో అణచవలసిన పాళెగాండ్రే సుమారు 80 మంది. ఈ సీమ తుపాకి నెరిగినదే.

అయినను "ఇది అళియ రామరాయల సేనలోనిది" అని చేతికిచ్చిన తుపాకికి చెకుముకిరాయి పట్టు కొక్కెమున్నచో ఆ కథ అక్కడితో ముగిసినట్లే. చెకుముకి తుపాకి యూరపులోనే 17వ శతాబ్దపు తొలినాళ్ళలో గాని పుట్టలేదు. రామరాయల నాటిది, కాలుచున్న వత్తిని రంజకమునకు తాకించి పేల్చునట్టిది. అట్లే, రాగిటోపీతో పేలు తుపాకిని టిప్పుదనినను నమ్మరాదు, తరువాతి వారెవరో మార్చిన జాడలున్నగాని. టోపీ 19వ శతాబ్దపు వస్తువు. టిప్పు 1799లోనే మరణించెను. ఇక వత్తితుపాకి యైనంత మాత్రమున రాయల నాటిదని పొంగరాదు. మన దేశమున 19వ శతాబ్దములో కూడ అట్టివి చేయుచునే యుండిరి. తుపాకి రకము "ఇంతకంటె పాతది కాద"ని మాత్రమే చెప్పగలదు.

వయసు సంగతి అటుంచి, చేతికి వచ్చిన వెంటనే చూడవలసినది మందు కూరియున్నదా యని. నూరేండ్లనాడు కూరిన మందు గొట్టములో నట్లే నిలిచియున్న తుపాకులు నేటికిని దొరకుచున్నవి. అది పొడిగా నున్నచో ఇప్పటికిని పేలును. మూతి తన వైపునకు గాని, పరుల వైపునకు గాని రాకుండ పట్టుకొని, సన్నని కొయ్యపుల్లను గొట్టములోనికి ఆనునంత వరకు దింపి, మూతియొద్ద గుర్తు పెట్టవలెను. పిదప పుల్లను తీసి, గొట్టము వెలుపల ప్రక్కన ఆనించి చూడవలెను. కొన రంజకపు రంధ్రము దగ్గరకు రాక రెండు మూడంగుళములు ముందే నిలిచినచో లోపల నేదో యున్నదన్నమాట. దాని జోలికి పోక తెలిసినవారిని పిలువవలెను.

ఇక తుప్పు. మెఱయు తుపాకికి వెల యెక్కువయని మనవారి భ్రమ. ఇసుకకాగితముతో రుద్ది తళతళలాడించిన గొట్టము సున్నము కొట్టిన శాసనము వంటిది. పనివాని ముద్ర, చెక్కిన అక్షరములు, సుత్తిదెబ్బల జాడ, అన్నియు ఆ రుద్దుటలో పోవును. దట్టమైన గోధుమరంగు పొర యున్నచో నుండనిండు; పొరలు పొరలుగా ఊడి లోహమును తినివేయు ఎఱ్ఱతుప్పు మాత్రమే దోషము. ఎన్నోమారులు పేలిన తుపాకికి రంజకపు రంధ్రము అరిగి పెద్దదగును, దాని ప్రక్క కొయ్య మాడియుండును. చెంప ఆనుచోట, చేయి పట్టుచోట కొయ్య నున్నబడును. గొట్టము నిండ గుంటలుండి, ప్రక్కనున్న రంజకపు గిన్నె నున్నగా నున్నచో రెండును వేఱువేఱు తుపాకులవేమో విచారింపవలెను. కొత్త కొయ్యకు పొగయు నూనెయు పట్టించువారు రంగు తేగలరు గాని ఆ అరుగుదలను సరియైన చోట తేలేరు.

టిప్పు పేరు పలికినప్పుడు మఱింత జాగ్రత్త కావలెను. 2015 ఏప్రిల్‌లో లండను వేలములో ఆయనకు సంబంధించిన 30 వస్తువులు 60 లక్షల పౌండ్లకు మించి పలికినవి. అంత ధనమున్న చోట దొంగముద్రలు పుట్టక మానవు. శ్రీరంగపట్టణపు తుపాకులపై పులిచారల అలంకారము కనబడును. అది చూచి చెక్కుట కష్టము గాదు. కాని టిప్పు హిజరీని విడిచి మౌలూదీ శకమును వాడుకలోనికి తెచ్చి, అంకెలను కుడి నుండి యెడమకు వ్రాయించెను. దొంగపనివాడు తడబడునది అచ్చటనే.

వెల కుదిరినను చట్టమున్నది. 1959 నాటి ఆయుధచట్టపు 45వ విభాగము, బాగుచేసినను పేల్చ వీలులేని పాత తుపాకికి మాత్రమే మినహాయింపు నిచ్చినది. పేలునట్టి దానికి, ఎంత పాతదైనను, లైసెన్సు కావలెను. నూరేండ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టము ననుసరించి పురావస్తువగును. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశము దాటింపరాదు. నేలలో పాతియున్నది దొరకి, దాని విలువ పది రూపాయలు మించినచో, 1878 నాటి నిధి చట్టము మేరకు కలెక్టరుకు తెలుపవలెను. తెలుపునప్పుడు ఏ గోడ క్రింద, ఎంత లోతున, వేటి నడుమ దొరకినదో కూడ వ్రాసియుంచినచో అంతవరకు కథలకే పరిమితమైన తుపాకికి ఒక ఊరు, ఒక చోటు ఏర్పడును.