పైకి కాదు, పక్కకి

చోడవరం వైపు చెరువుల్లో దిగేవాళ్లకి కొర్రమీను సంగతి కొత్త కాదు. ఎర్రెర్రటి పిల్లలు గుంపుగా నీటిపైన మసులుతుంటే అడుగున పెద్దచేప కాపలా కాస్తుంది. ఆ దరిదాపులకి కప్ప వచ్చినా, గాలం పడినా ఆకలితో పనిలేకుండా మీదికి దూకుతుంది. పిల్లలు పెరిగి చెదిరిపోయాక అదే చేప మనిషి అలికిడికే తప్పుకుంటుంది.

సముద్రంలోనూ అంతే. రుషికొండలో స్కూబా రుచి చూసి, తర్వాత అండమాన్ పగడపు దిబ్బల దాకా వెళ్లే మనవాళ్లు షార్క్ గురించి భయపడతారు. నిజానికి భయపడవలసింది టైటన్ ట్రిగ్గర్ ఫిష్‌కి. 75 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పీతల డొప్పల్ని పటపటా కొరికే పళ్లు దానివి. కాళ్లకి తొడుక్కున్న ఫిన్‌కి గాటు పెట్టడం వాటికో లెక్క కాదు.

మామూలు రోజుల్లో మనల్ని పట్టించుకోదు. ఇసుకలో గుంట చేసి గుడ్లు పెట్టినప్పుడే దాని తిక్కంతా. అప్పుడు అది కాపాడుకునే చోటు గుంట ఒక్కటే కాదు. గుంట దగ్గర సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు ఆకారంలో ఉన్న నీరంతా తనదే అనుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే. బెదిరిన మనిషి పైకి లేస్తాడు. లేచినకొద్దీ గరాటు వెడల్పవుతుంది కాబట్టి, చేప దృష్టిలో మనం ఇంకా దాని ఇంట్లోనే ఉన్నాం. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేవాలన్న లెక్కన, 18 మీటర్ల లోతు నుంచి బయటపడటానికి 2 నిమిషాలు. అంతసేపూ అది తరుముతూనే ఉండొచ్చు. పోనీ, ఒక్క ఉదుటున లేద్దామా? 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీదకంటే రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి లేస్తే ఊపిరితిత్తులు చిరగొచ్చు. చేప కాటు మానుతుంది, ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే ఉన్న లోతులోనే ఉండి, పక్కకి ఈదాలి. చేపవైపు ఫిన్లు పెట్టి, దాన్ని కనిపెట్టుకుంటూ, ఊపిరి ఆపకుండా వెనక్కి జరగాలి. కరిస్తే ఫిన్‌నే కరవనివ్వండి. తన్నబోవడం దండగ, ఈతలో దానితో పోటీ పడలేం.

ముందస్తు హెచ్చరిక లేకపోలేదు. వీపు మీది ముల్లు నిటారుగా నిలుస్తుంది. ఒక్కోసారి పక్కకి ఒరిగి, ఒంటికంటితో మనల్ని ఎగాదిగా చూస్తుంది. ఫొటోకి భలే పోజు అనిపిస్తుంది గానీ, కదలాల్సిన క్షణం అదే.

దాని కాటులో విషం లేదు. గాయం శుభ్రంగా కడిగి డాక్టరుకి చూపించుకుంటే సరిపోతుంది. కరిచిందన్న కక్షతో పులుసు పెట్టుకుందామంటే మాత్రం ఆలోచించాలి. కొన్ని దిబ్బల్లో పెరిగిన ఈ చేప మాంసంలో సిగ్వటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఎంత ఉడికించినా అది పోదు.