నీడయు గాలియు నెరిగిన ఇల్లు

ఆస్ట్రేలియా తూర్పు తీరమున, భూమధ్యరేఖకు దక్షిణముగా 27 డిగ్రీల అక్షాంశమున నున్న బ్రిస్బేన్ నగరమునందు వేసవిలో ఉక్కయు కుండపోత వానలును, శీతకాలమున నిర్మలమైన ఎండయు వచ్చుచుండును. ఇట్టి ఉపోష్ణ మండలమున ఇల్లు కట్టదలచినవాడు మొదట విచారింపవలసినది గోడల సొగసు గాదు. నీడ యెచ్చట పడును, గాలి యెటనుండి వీచును అనునదియే. ఈ రెండింటిని శ్రద్ధతో గమనించి 19వ శతాబ్ది మధ్యకాలము మొదలు దాదాపు రెండవ ప్రపంచయుద్ధము వరకు అచ్చటి వడ్రంగులు కట్టిన కొయ్యయిండ్లను క్వీన్స్‌లాండర్లందురు.

ఈ యిల్లు గట్టి కొయ్యమొద్దులపై, కొన్నియెడల మనిషి నిలువెత్తున, నేలను విడిచి నిలుచును. క్రింద గాలి యాడుటచే నేలచెమ్మ గదులకెక్కదు. వానకాలమున బట్టలారవేయుటకును పిల్లలాడుకొనుటకును ఆ చోటే ఆధారము. 1893, 1974, 2011 సంవత్సరములలో నది పొంగినపుడు పల్లపు ప్రాంతములలో ఈ యెత్తు సయితము చాలకపోయినను, కొద్దిపాటి వరదనీరు ఇంటి క్రిందుగనే సాగిపోవును. ప్రతి మొద్దు తలపైనను అంచులు క్రిందికి వంచిన రేకుమూత యొకటి యుండును. మొద్దు లోలోపల తొలిచికొనుచు వచ్చిన చెదలు ఆ రేకును దాటవలెనన్న దాని యంచు చుట్టును వెలుపల మట్టిగూడు కట్టక తప్పదు. అది ఇంటివారి కంటబడును. చెదను చంపుట గాక, దాని రాకను బయటపెట్టుటయే ఆ రేకు చేయు మేలు.

దక్షిణార్ధగోళము గనుక, మనకు దక్షిణపుటెండ యెట్టిదో వారికి ఉత్తరపుటెండ యట్టిది. అచ్చట మధ్యాహ్నసూర్యుడు డిసెంబరు చివర 86 డిగ్రీల యెత్తున, దాదాపు నడినెత్తిన నుండును; జూన్ చివర 39 డిగ్రీల యెత్తుననే యుండును. కావున ఉత్తరపువైపు చూరును లెక్కప్రకారము దించినచో వేసవియెండ గోడను సోకదు, చలికాలపు ఎండ గదిలోనికి నిండుగా వచ్చును. పడమటి ఎండ ఏటవాలుగా దూసికొని వచ్చును గనుక చూరునకు లొంగదు. ఆ ప్రక్కన వరండాయో, కొయ్యజాలరో, దట్టమైన చెట్టో యుండితీరవలెను.

వేసవి మధ్యాహ్నములందు సముద్రము నుండి ఈశాన్యపుగాలి వీచును. గది తలుపులు మూసియున్నను ఆ గాలి ఇల్లంతయు తిరుగునట్లు ద్వారబంధముల పైభాగమున చిల్లులుగా లతలు చెక్కిన పలకలమర్చిరి. అలంకారమును ప్రయోజనమును ఇంత చక్కగా కలిసిన పనితనము అరుదు. పలుచని చెక్కగోడలు ప్రొద్దు గ్రుంకిన కొలదిసేపటికే చల్లబడును. ఈ గుణమే జూలై రాత్రులందు, ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగునపుడు, దోషమగును గనుక, నేటివారు కప్పునందును గోడలయందును వేడిని నిలుపు పొరలు చేర్చుకొనుట సమంజసమే. కాని వరండాలను అద్దములతో మూసి, క్రింది చోటికి గోడలు కట్టి, ఏసీనే నమ్ముకొనుట శోచనీయము.

క్రొత్తగా కట్టువారు స్థలమునందలి పెద్దచెట్లను ముందుగా పటమున గుర్తించి, పిదప గదులు గీయించుకొనవలెను. మొద్దులపై నిలుచు ఇంటికి వరుస గోతులు చాలును గాని పొడవైన పునాదికందకములు త్రవ్వ బనిలేదు గనుక, వేళ్ళను తప్పించి ఆ గోతులను అటునిటు జరుపుకొనవచ్చును.