మందులు కొట్టకుండా పసుపు పండుతుందా? దుంపకుళ్లు నుంచి సర్టిఫికెట్ దాకా రైతు చూసుకోవాల్సినవి ఇవే!

పసుపు లేని తెలుగిల్లు ఉండదు. కూరలో అదే, గడపకు అదే, దెబ్బ తగిలితే పెట్టేదీ అదే. మరి ఆ పసుపును రసాయనాలు లేకుండా పండించడం కుదిరే పనేనా? కుదురుతుంది. కాకపోతే ఈ పంట ఎనిమిది, తొమ్మిది నెలలు భూమిలోనే ఉంటుంది. వానాకాలం మొత్తం దాటాలి. చిక్కంతా అక్కడే.

అసలు శత్రువు దుంపకుళ్లు

చేలో నీళ్లు నిలిచాయంటే దుంపకుళ్లు వచ్చేస్తుంది. ముందు ఆకులు అంచుల నుంచి ఎండుతాయి. మొక్కను పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. దుంప మెత్తబడి కంపు కొడుతుంది. ఒకసారి పాకాక సేంద్రియ పద్ధతిలో ఆపడం చాలా కష్టం. అందుకే జాగ్రత్త విత్తే ముందు నుంచే ఉండాలి.

ఏం చేయాలి?

* తెగులు లేని చేను నుంచే విత్తన దుంప తీసుకోవాలి. ట్రైకోడెర్మా ద్రావణంలో ముంచి, నీడలో ఆరబెట్టి నాటాలి.
* 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, తడి ఆరకుండా వారం, పది రోజులు నీడలో ఉంచి ఎకరం చేనుకు చల్లాలి.
* ఎత్తు మడుల మీద నాటాలి. మురుగునీరు పోయే కాలువ తప్పనిసరి.
* పచ్చి ఆకులు, ఎండు గడ్డి పరిస్తే కలుపు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది.
* పసుపు, అల్లం వేసిన చేలోనే మళ్లీ పసుపు వేయొద్దు. రెండింటికీ ఇదే తెగులు వస్తుంది.

తవ్వాక కూడా జాగ్రత్తే

తవ్విన రెండు, మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. పుల్లతో గుచ్చితే సులువుగా దిగితే ఉడికినట్టే. సుమారు ఐదు కిలోల పచ్చి పసుపు ఎండితే కిలో వస్తుంది. పాలిష్ పట్టేటప్పుడు మెరుపు కోసం రంగు వేయొద్దు. లెడ్ క్రోమేట్ లాంటి రంగుల్లో సీసం ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్తే, ముఖ్యంగా పిల్లలకు ప్రమాదం.

మరి రేటు సంగతేంటి?

రైతు దెబ్బతినేది ఇక్కడే. యార్డులో కొమ్ము సైజు, రంగు, తేమ చూసి ధర కడతారు. 'మాది సేంద్రియం' అని నోటితో చెబితే పైసా ఎక్కువ రాదు, కాగితం కావాలి. విదేశాలకు పంపాలంటే ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ ఉండాలి. ఏడాది పంటలకు మామూలుగా రెండేళ్లు మార్పిడి కాలం. అంటే ఆ రెండేళ్లూ ఖర్చు, కష్టం సేంద్రియానివి, ధర మాత్రం మామూలుదే. దేశంలో అమ్ముకోవడానికైతే పీజీఎస్ ఇండియా ఉంది. ఇందులో ఊరి రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు. చిన్న రైతుకు ఖర్చు తక్కువ.

2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పంట చేతికొచ్చాక కాదు, విత్తనం కొనే ముందే సర్టిఫికెట్ గురించి కనుక్కోండి. ఉన్న భూమంతా ఒకేసారి మార్చకుండా, ముందు అర ఎకరంతో మొదలుపెడితే నష్టం వచ్చినా తట్టుకోవచ్చు.