సిగ్నల్ ఉంది... బొమ్మే లేదు!

‘టీవీ రావట్లేదురా’ అని అమ్మ ఫోన్‌లో చెప్పేసరికే అది ఆగిపోయి ఇరవై రోజులైందట. ‘ముందే చెప్పొచ్చుగా అమ్మా’ అంటే, ‘నీ పనులు నీకుంటాయి కదా’ అంది. నాన్న పోయాక సాయంత్రంపూట ఆ ఇంట్లో వినిపించే మాట సప్తగిరి వార్తలదే. అందుకే ఆదివారం పొద్దున్నే ఊరికి బస్సెక్కాను.

మా ఇంట్లో ఉన్నది డీడీ ఫ్రీడిష్. 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో దూరదర్శన్ మొదలుపెట్టింది. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టేదేం లేదు. నేను వెళ్లేసరికే ఓ మెకానిక్ వచ్చి ‘బాక్సు పోయింది, కొత్తది కొనాల్సిందే’ అని తేల్చేశాడు.

రిమోట్‌లో మెనూ నొక్కి చూశాను. అందులో రెండు గీతలుంటాయి. స్ట్రెంగ్త్ 80 చూపిస్తోంది, క్వాలిటీ మాత్రం సున్నా. మొదటి గీత చూసి ‘సిగ్నల్ బాగానే ఉంది, బాక్సే పాడైంది’ అనుకుంటాం. కానీ స్ట్రెంగ్త్ ఉంటే, డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ దాకా కరెంటు వెళ్తోందని మాత్రమే అర్థం. బొమ్మ రావాలంటే క్వాలిటీ కావాలి.

బాక్సు స్విచ్ ఆపి డాబా ఎక్కాను. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ పిన్ను విప్పితే లోపల పచ్చటి చిలుము! వాన నీళ్లు దిగాయి. కొస కత్తిరించి, కొత్త పిన్ను బిగించి, టేపు చుట్టాను. స్విచ్ వేయించి అడిగితే, ‘సున్నానేరా’ అంది అమ్మ కిందినుంచి.

ఫ్రీడిష్ ఛానెళ్లు మోసే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. మన వైపు నుంచి చూస్తే అది ఆగ్నేయం, ఆకాశంలో బాగా ఎత్తున. ఫోన్‌లో దిక్సూచి పెట్టి అటు చూశాను. డిష్ నెత్తిమీదకి వంగిన మునగ కొమ్మ! డిష్ పెట్టినప్పుడు ఆ చెట్టు డాబా ఎత్తు కూడా లేదు. ఆకుల గుబురు అడ్డొస్తే ఈ సిగ్నల్ దాటలేదు, తడి ఆకులైతే మరీను.

‘కొట్టేయనా అమ్మా?’

‘మీ నాన్న నాటిన చెట్టురా. పూత మీదుంది, దాని జోలికెళ్లకు.’

సరే, చెట్టు బదులు డిష్‌నే డాబా అవతలి మూలకి మార్చాను. స్టాండు నిటారుగా బిగించి, నట్లు కాస్త వదులు చేసి, డిష్‌ను వెంట్రుకవాసి జరపడం, నాలుగైదు సెకన్లు ఆగడం. ఆగకుండా తిప్పేస్తే బాక్సు సిగ్నల్ పట్టుకోలేదు.

‘ఇరవై... పోయింది... నలభై... అరవై ఐదు! బొమ్మొచ్చిందిరా!’

నట్లు బిగించి, కిందికొచ్చి ఆటో స్కాన్ చేశాను. ఖర్చు ఓ పిన్ను, కాస్త టేపు.

జోరువానకి కాసేపు బొమ్మ ఆగితే మాత్రం డిష్ ముట్టుకోకండి, వాన తగ్గితే అదే వస్తుంది. ఉరుములప్పుడు డాబా అసలే ఎక్కొద్దు.

ఆ సాయంత్రం బస్సులోంచి అమ్మకి ఫోన్ చేశాను. ‘వార్తలొస్తున్నాయి, తర్వాత చెయ్యరా’ అని పెట్టేసింది.