మిలాన్ నగరంలో లియొనార్డో చిత్రాలు

లియొనార్డో డా విన్సీ (1452–1519) ఐరోపా సాంస్కృతిక పునరుజ్జీవన యుగానికి చెందిన మహామేధావి. ఆయన పేరు వినగానే పారిస్‌లోని మోనాలిసా స్ఫురించడం సహజం. కాని ఆయన చిత్రకళను, అందులోని సాహసాన్ని సమగ్రంగా గ్రహించాలంటే ఇటలీ దేశంలోని మిలాన్ నగరాన్ని దర్శించాలి. ఆయన 1482 ప్రాంతంలో అక్కడికి చేరి, పాలకుడైన లుడొవికో స్ఫోర్జా ఆశ్రయంలో 1499 వరకు నివసించాడు.

మిలాన్‌లో సాంతా మారియా దెల్లే గ్రాజియే అనే చర్చికి అనుబంధంగా ఒక మఠం ఉంది. సన్యాసుల భోజనశాల గోడపై లియొనార్డో 1495–1498 మధ్యకాలంలో 'చివరి విందు' చిత్రాన్ని రచించాడు. దీని ఎత్తు 460 సెంటీమీటర్లు, వెడల్పు 880 సెంటీమీటర్లు. తన శిష్యులలోనే ఒకడు ద్రోహం చేయనున్నాడని క్రీస్తు పలికిన క్షణం ఇందులోని ఇతివృత్తం. ఆ మాటకు పన్నెండుమంది శిష్యులలో కలిగిన ఆశ్చర్యం, ఆగ్రహం, ఆవేదన వారి ముఖాలలోనే కాక, చేతుల కదలికలలోనూ గోచరిస్తాయి.

అదే గదిలో ఎదుటి గోడపై మోంతోర్ఫానో అనే చిత్రకారుడు 1495లో రచించిన 'క్రీస్తు శిలువ' దృశ్యం ఉంది. అది నేటికీ చాలావరకు చెక్కుచెదరలేదు. 'చివరి విందు' మాత్రం లియొనార్డో జీవితకాలంలోనే శిథిలం కాసాగింది. దీనికి కారణం రచనా పద్ధతులలోని భేదమే. మోంతోర్ఫానోది ఫ్రెస్కో పద్ధతి. ఇందులో తడి ఆరని సున్నపు పూతపై రంగులు వేస్తారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడేటప్పుడు రంగు గోడలో భాగమైపోతుంది. అయితే పూత ఆరేలోగా త్వరత్వరగా పని ముగించాలి. తరువాత దిద్దడానికి వీలుండదు. నిదానంగా ఆలోచిస్తూ, వేసినదానిని మళ్లీ మళ్లీ దిద్దుకొనే లియొనార్డోకు ఇది సరిపడలేదు. అందువల్ల ఆయన ఆరిన గోడపైనే రంగులు వేశాడు. భావప్రకటనకు కావలసిన వ్యవధి లభించింది కాని, రంగులకు గోడతో గట్టి బంధం ఏర్పడలేదు. తేమ సోకి అవి పెచ్చులుగా రాలిపోయాయి.

మనుషుల వల్ల కూడా ఈ చిత్రానికి హాని కలిగింది. 1652లో గోడకు ద్వారం తొలచినప్పుడు క్రీస్తు పాదాల భాగం నశించింది. 1943 ఆగస్టులో బాంబుదాడికి భోజనశాల కూలినా, ఇసుక బస్తాల రక్షణ వల్ల ఈ గోడ నిలిచింది. ఆధునిక కాలంలో పినిన్ బ్రాంబిల్లా బార్చిలోన్ అనే నిపుణురాలి ఆధ్వర్యంలో ఇరవై ఏళ్లకు పైగా సాగిన పునరుద్ధరణ 1999లో ముగిసింది. దుమ్ము, తేమ సోకకుండా సందర్శకులను చిన్న బృందాలుగా, 15 నిమిషాలసేపు మాత్రమే అనుమతిస్తారు.

నగరంలోని ఆంబ్రోసియానా చిత్రశాలలో లియొనార్డో గీసిన 'సంగీతకారుడు' చిత్రం ఉంది. ముఖం సజీవంగా తోచినా, దుస్తులు అసంపూర్ణంగా మిగిలాయి. ఆయన నిదానానికి ఇది మరొక నిదర్శనం. ఆ నిదానం వెనుక ఉన్న శ్రమ, ఆంబ్రోసియానా గ్రంథాలయంలో భద్రపరచిన 'కోడెక్స్ అట్లాంటికస్'లో కనిపిస్తుంది. యంత్రాలు, గణితం, పక్షుల ఎగురుడు మొదలైన విషయాలపై ఆయన రాసుకొన్న 1119 పత్రాల సంపుటి అది.

భోజనశాలలోని రెండు గోడలు కళలోని ఒక చిక్కు ప్రశ్నను మన ముందుంచుతాయి. తెలిసిన మార్గంలో నడిచిన చిత్రం పదిలంగా మిగిలింది. కొత్త మార్గాన్ని వెదకిన చిత్రం సగం చెరిగిపోయింది. అయినా లోకం తరలివచ్చేది చెరిగిన చిత్రాన్ని చూడడానికే. లియొనార్డో ప్రయోగం గోడపై విఫలమైనా, మానవ హృదయాన్ని చిత్రించడంలో సఫలమైంది.